మసికి పుట్టిల్లు ఉండదు

ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, "ఈ అమ్మాయి ఏం పని చేస్తుంది?" అని డాక్టరు అడిగిన చోట పోయినసారి మనం ఆగాం.

ఆ అమ్మాయి చిట్టి. పక్క కుర్చీలో ఉన్నది ఆమె వదిన మసమ్మ. మసమ్మ అసలు పేరు బ్యాంకువాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. మెట్టినింటివాళ్ళ ఆముదం మిల్లు మూలపడబోతున్న రోజుల్లో, కెమిస్ట్రీ చదివిన ఈ చిన్నకోడలు ఆముదంలోంచి కార్బన్ నానోట్యూబులు తీయొచ్చని పట్టుబట్టింది. కొలిమి మొగుడు కట్టాడు. మొదటి ఏడాదంతా నానోట్యూబులు రాలేదు, ఉత్త మసి వచ్చింది. రోజూ నుదుటి మీద నల్లటి మరకతో ఇంటికొచ్చే వదినను చూసి చిట్టి పెట్టిన పేరది. ఆ తర్వాత నానోట్యూబులూ వచ్చాయి. వెంట్రుకను నిలువునా కొన్ని లక్షల పాయలుగా చీలిస్తే ఒక్క పాయ ఎంతుంటుందో అంత సన్నటి గొట్టాలు. కంటికి మాత్రం మసిలాగే కనిపిస్తాయి. బ్యాటరీలు చేసేవాళ్ళు వాటి కోసం మిల్లు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఆమె పేరు మాత్రం మసమ్మగానే ఉండిపోయింది.

తల్లి తుంటి ఎముక విరిగితే రెండు నెలలు పుట్టింట్లో ఉండి, నిన్ననే తిరిగొచ్చింది మసమ్మ. చేతిలో సంచి కింద పెట్టకముందే చిట్టి దగ్గు విన్నది. తెల్లారగానే డాక్టరు దగ్గరికి లాక్కొచ్చింది.

"ఆముదంలోంచి బ్యాటరీలకు వేసే పొడి తీస్తాం డాక్టరుగారూ. కొలిమిలోంచి దించిన గాజుగొట్టాల లోపల అది పట్టేసి ఉంటుంది. దాన్ని గీకే గది ఈ పిల్ల చూసుకుంటుంది," అంది మసమ్మ. "అయినా గాలి చొరని గాజుపెట్టెల్లో చేతులు పెట్టి గీకుతారు. పొడి బయటికి రాదు. ఆ పెట్టెలు లేకుండా గది తెరవనివ్వనని నేనే కూర్చున్నాను."

డాక్టరు చిట్టి వైపు చూశాడు. చిట్టి తన కాలివేళ్ళ వైపు చూసుకుంది.

"ఇది ఆ పొడి వల్లేనని నేనిప్పుడే చెప్పలేను. ఇంకా పరీక్షలు చెయ్యాలి," అన్నాడు డాక్టరు. "కానీ రాతినార, అదే ఆస్బెస్టాస్, పీల్చిన ఊపిరితిత్తులు చాలా చూశానమ్మా నేను. అంత సన్నటి ముల్లు లోపలికి వెళితే బయటికి రాదు. ఈ అమ్మాయిని మళ్ళీ ఆ గదిలోకి పంపకండి."

ఆస్పత్రి మెట్లు దిగుతుంటే చిట్టి ఫోను మోగింది. "ఆఁ, పెద్దన్నయ్యా... వచ్చేస్తున్నా."

"ఎక్కడికి వచ్చేది? నువ్వు ఇంటికెళ్ళి పడుకో," అంది మసమ్మ.

"ఒక్క గంట వదినా. కొనేవాళ్ళ కంపెనీ నుంచి మనుషులొస్తున్నారు. కోటు వేసుకుని నిలబడాలి, అంతే."

"ఏం కోటు?"

చిట్టి దగ్గింది. దగ్గు వచ్చిందో, తెప్పించుకుందో తెలియలేదు.

టాక్సీ మిల్లు ముందు ఆగగానే చిట్టి ముందు గేటులోంచి గబగబా లోపలికి వెళ్ళిపోయింది. మసమ్మ వెనక గేటు వైపు నడిచింది. గింజల గోతాలు దాటి, నూనె డ్రమ్ములు దాటి, గీకుడు గది తలుపు తోసింది.

ముందు ఫ్యాను చప్పుడు వినిపించింది.

స్టాండు ఫ్యాను. గది మధ్యన నిలబడి అటూ ఇటూ తల తిప్పుతోంది. పొడుగాటి బల్లల వెంట ఆడవాళ్ళు స్టూళ్ళ మీద కూర్చుని, వెడల్పాటి స్టీలు పళ్ళాల మీద గాజుగొట్టాలను వంచి, బ్రష్షులతో లోపలి పొడిని బయటికి లాగుతున్నారు. నల్ల మఖమల్ గుడ్డను చింపి పోసినట్టు అది పొరలు పొరలుగా రాలుతోంది. ఫ్యాను తల తిప్పినప్పుడల్లా పళ్ళాల్లోంచి పొగలా లేస్తోంది. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆ పొగ సుళ్ళు తిరుగుతోంది. అందరూ ముక్కులకు చేతిరుమాళ్ళు కట్టుకున్నారు. ప్రతి రుమాలు మీదా, ముక్కు ఉన్న చోట, రెండు నల్లటి చుక్కలు.

గాజుపెట్టెలు లేవు. వాటిని బిగించిన బోల్టుల రంధ్రాలు బల్లల మీద ఉన్నాయి. లోపలి గాలిని లాగేసే గొట్టాలు గోడలోకి వెళ్ళిన చోట గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి.

మసమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆపండి! ముందు ఆ ఫ్యాను ఆపండి!"

ఎవరూ కదలకముందే తనే మోచేత్తో ముక్కు మూసుకుని పరుగున వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

"ఎప్పుడొచ్చారమ్మా? అమ్మగారికి ఎలా ఉంది?" అంది పెద్దక్క, రుమాలు కిందికి దించి నవ్వుతూ. గదిలో అందరికంటే పెద్దది ఆవిడే కాబట్టి అందరికీ పెద్దక్కే.

"ఆ రుమాలు దించకు! బ్రష్షులు కింద పెట్టండి. బట్టలు దులపొద్దు. ఒక్కొక్కళ్ళే మెల్లగా లేచి బయటికి రండి. పెద్దక్కా, పెట్టెలేవి?"

"తీసేశారు కదమ్మా."

"ఎవరు?"

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"మీకు తెలుసనుకున్నామే," అంది పెద్దక్క. "మీరు ఊరెళ్ళిన వారంలోనే మీ ఆయన స్పానర్లు పట్టుకొచ్చి విప్పేశాడు. పెట్టెలో చేతులు దూర్చి గీకితే పని సాగట్లేదన్నారు. గదిలో ఉక్కపోస్తోందంటే పెద్దయ్యగారు, పాపం, ఫ్యాను కొనిచ్చారు."

ఆ 'పాపం' అన్న మాట దగ్గర మసమ్మ పళ్ళు బిగించింది.

"మేం అడక్కపోలేదమ్మా," ఇంకో ఆవిడ అందుకుంది. "పొడి లేస్తోంది, భయంగా ఉందని అడిగాం. ఆముదపు మసికి భయమేంటే, మా అమ్మ దీంతోనే కాటుక పట్టి మా అందరికీ పెట్టింది, గుడ్లు పోయాయా మాకు, అన్నారు పెద్దయ్యగారు. మేమూ నవ్వుకుని పనిలో పడ్డాం."

"కాటుక కంట్లో పెట్టుకుంటారు, ఊపిరితిత్తుల్లో పెట్టుకోరు. ఇది కాటుకా కాదు," అంది మసమ్మ. "కుళాయి దగ్గరికి నడవండి. చేతులూ మొహాలూ కడుక్కోండి. బట్టలు తడిగుడ్డతో తుడుచుకోండి. నేను చెప్పేదాకా ఎవరూ ఈ గడప తొక్కొద్దు."

వాళ్ళు బయటికి వస్తుంటే తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కళ్ళనూ చూసింది. వీళ్ళను ఏరుకొచ్చి పని నేర్పింది తనే. పెట్టెలోని రబ్బరు చేతొడుగుల్లో వేళ్ళు ఎలా దూర్చాలో, బ్రష్షు ఎంత మెల్లగా తిప్పాలో పక్కన కూర్చుని చూపించింది. వాళ్ళలో ఇద్దరు దగ్గుతున్నారు.

పక్కనే కొలిమి షెడ్డు. మసమ్మ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఎవరితోనూ మాట్లాడకుండా ముందు నూనె పంపు ఆపింది. ఆముదం తుంపర కొలిమిలోకి వెళ్ళడం ఆగిపోయింది. నైట్రోజన్ వాయువును మాత్రం అలాగే వదిలేసింది. కొలిమి చల్లారకముందే దాన్ని కట్టేస్తే లోపలికి గాలి చొరబడి ఉన్నదంతా అంటుకుంటుంది. ఎంత కోపంలోనూ ఆమె చేతులు ఆ వరస తప్పలేదు.

పంపు చప్పుడు ఆగేసరికి అవతల నుంచి మొగుడు వచ్చాడు. ఆయన మొహానికి మాస్కు ఉంది. గుడ్డముక్క కాదు. రెండు పక్కలా గుండ్రటి డబ్బాలున్న అసలైన మాస్కు.

మసమ్మ దానివైపే చూసింది.

"ఏమండీ, మీకు ఊపిరి బాగానే ఆడుతోందా?"

వాళ్ళిద్దరూ ఒకే కాలేజీలో చదివారు. మామూలుగా 'నువ్వు' అనే అంటుంది. కోపం హద్దు దాటితేనే మొగుణ్ణి 'మీరు' అంటుంది. పెళ్ళయ్యాక ఆ మాట ఆయన విన్నది చాలా అరుదు. మాస్కు పీకి మెడకు దించుకున్నాడు.

"నేను చెబుదామనుకుంటూనే..."

"రోజూ ఫోన్ చేశారు. మా అమ్మ కట్టు మార్చారా అని అడిగారు. మందులు దొరికాయా అని అడిగారు. పడుకునేముందు దుప్పటి కప్పుకున్నావా అని కూడా అడిగారు! పెట్టెలు విప్పేశానని ఒక్క ముక్క చెప్పడానికి నోరు పెగల్లేదా?"

"అన్నయ్య కొన్నాళ్ళకే అన్నాడు. ఈ ఆర్డరు అయ్యేదాకా..."

"మీ అన్నయ్య బావిలో దూకమంటే దూకుతారా? కాదు, మీరు దూకరు. మీకు మాస్కుంది. మీ చెల్లెల్ని తోస్తారు!"

ఆయన మొహం పాలిపోయింది. "డాక్టరు ఏమన్నాడు?"

"ఇప్పుడు అడుగుతున్నారా? రెండు నెలలు ఒకే ఇంట్లో ఉండి ఆ దగ్గు వినబడలేదా? పెట్టెలు ఎక్కడ పారేశారు? అది చెప్పండి."

"పారెయ్యలేదు." ఆయన గొంతు దాదాపు వినిపించలేదు. "ముందు హాల్లో ఉన్నాయి. కొత్తగా అద్దాల గది కట్టించాడు అన్నయ్య. వచ్చినవాళ్ళకు చూపించడానికి."

"అక్కడ ఏం గీకుతారు?"

"ఏమీ గీకరు. ఇక్కడ గీకిన పొడే కాస్త తీసుకెళ్ళి అందులో పోస్తారు. ఎవరైనా వచ్చినప్పుడు చిట్టి తెల్లకోటు వేసుకుని..."

మిగతాది మసమ్మ వినలేదు. తలుపు ఆమె వెనక ధడాలున పడింది.

ఆడవాళ్ళు పెద్దయ్యగారని పిలిచే బావగారి గది ముందు హాలుకు ఆనుకుని ఉంటుంది. గోడ మీద నిలువెత్తు బొమ్మ. పచ్చటి ఆముదపు ఆకు, దానిమీద నీటిచుక్క, కింద పెద్ద అక్షరాలతో 'ప్రకృతి ఇచ్చింది, ప్రకృతిలా స్వచ్ఛమైనది'. ఆ బొమ్మ కింద బావగారు అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నారు. జన్మలో గొంతు పెంచి ఎరగని మనిషి. ఎంత పని చేయించుకున్నా 'అమ్మా, నాన్నా' అనే చేయించుకుంటారు.

"రామ్మా, ఎప్పుడొచ్చావు? మీ అమ్మ లేచి నడుస్తోందా?"

"మా అమ్మ నడుస్తోంది బావగారూ. మీ చెల్లెలే నాలుగు మెట్లు ఎక్కలేకపోతోంది."

"గాలి మారింది కదమ్మా. ఊళ్ళో అందరికీ దగ్గులే."

"గాలి మార్చింది మీరే! పెట్టెలు పీకించి ఫ్యాను పెట్టించింది మీరు!"

బావగారు దువ్వెన జేబులో పెట్టుకున్నారు. తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నారు.

"అరవకమ్మా. వాళ్ళు వచ్చే వేళయింది. కూర్చో. నువ్వు లేనప్పుడు ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలీదు. పెద్ద ఆర్డరు వచ్చింది. పెట్టెలో చేతులు పెట్టి గీకితే పొద్దున్నుంచి సాయంత్రానికి ఒక డబ్బా నిండదు. ఇది చేజారితే మిల్లులో మళ్ళీ గబ్బిలాలే. ఆ ఆడవాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు, నువ్వా? ఈ సరుకు ఒక్కటీ వెళ్ళనీ. పెట్టెలు మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టించేస్తాను."

"అప్పుడు ఇంకో ఆర్డరు వస్తుంది. వాళ్ళ ఊపిరితిత్తులు కూడా మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టిస్తారా?"

"ఎందుకమ్మా అంత పెద్ద మాటలు? ఇదేమన్నా గ్యాసు నుంచి తీసిందా, కిరసనాయిలు నుంచి తీసిందా? మొక్క నుంచి తీసింది. ఆ సంగతి లోకానికి చెప్పింది నువ్వే కదా."

"చెప్పాను. పదిమందిలో మళ్ళీ చెబుతాను. భూమిని తవ్వి తోడకుండా, పొలంలో పండినదాంట్లోంచి తీశామని చెప్పాను. పీల్చుకోవచ్చని ఎప్పుడు చెప్పాను?" మసమ్మ బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది. "గన్నేరుపప్పు మొక్కది కాదా బావగారూ? ఉమ్మెత్తకాయ మొక్కది కాదా? అంతదాకా ఎందుకు, మీ గోతాల్లో ఉన్న గింజల సంగతేంటి? పిల్లలు నమిలితే చస్తారని, వాళ్ళను అటు రానివ్వద్దని మామగారు గోడ మీద రాయించలేదూ? అదీ ప్రకృతి ఇచ్చిందే! కొలిమిలో కాలాక మసికి పుట్టిల్లు ఉండదు. ఆముదంలోంచి వచ్చినా కిరసనాయిల్లోంచి వచ్చినా ఆ ముల్లు ఒకటే. లోపలికి పోతే ఒకేలా గుచ్చుకుంటుంది."

"నీ చదువు నాకు లేదమ్మా."

"ఈ సంగతికి చదువెందుకు? పెట్టెలు అవసరం లేదనుకుంటే అమ్మేసేవాళ్ళు. అద్దాల గదిలో పెట్టి దీపాలు వేసి చూపిస్తున్నారంటే, అవి ఉండాలని మీకు తెలుసు. తెలిసే తీయించారు. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఉత్త సామెత అనుకున్నాను ఇన్నాళ్ళూ. దానికి ఒక హాలు కట్టిస్తారని తెలీదు!"

మొదటిసారి బావగారి మొహంలో నవ్వు తగ్గింది. "ఈ ఇంటికి వచ్చినప్పుడు నీకింత నోరు లేదు."

"అప్పుడు చిట్టికి దగ్గు కూడా లేదు."

బయట కారు తలుపులు పడిన చప్పుడయింది. బావగారు లేచి చొక్కా సర్దుకున్నారు. నవ్వు మళ్ళీ తెచ్చి పెట్టుకున్నారు. "నువ్వు ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమ్మా. సాయంత్రం మాట్లాడుకుందాం," అంటూ గుమ్మం దాటారు.

మసమ్మ ఇంటికి వెళ్ళలేదు. ఆయన వెనకాలే నడిచింది.

అద్దాల గది ఆస్పత్రిలో ఆపరేషన్ గదిలా ఉంది. నేల మీద మొహం చూసుకోవచ్చు. మధ్యలో మెరిసే బల్ల మీద ఆమె గాజుపెట్టెలు. ఒక పెట్టె ముందు చిట్టి, మెడదాకా బొత్తాలు పెట్టిన తెల్లకోటులో, చేతులు మోచేతులదాకా పెట్టె చేతొడుగుల్లో దూర్చి నిలబడి ఉంది. వదినను చూడగానే కళ్ళు దించేసింది.

వచ్చినవాళ్ళలో పెద్దది ఒక నెరిసిన జుట్టు ఆవిడ. సరుకు కొనేముందు ఫ్యాక్టరీలు తనిఖీ చేయడం ఆవిడ పని. వెంట వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఫోటోలు తీస్తుంటే, ఆవిడ మాత్రం వంగి గాజుపెట్టె లోపలికి చూస్తూ చాలాసేపు ఉండిపోయింది.

"ఎన్నాళ్ళయింది ఈ పెట్టె వాడబట్టి?"

"మొదట్నుంచీ ఇవేనండీ," అన్నారు బావగారు.

"లోపల గాజు మీద ఒక్క మసి మరక లేదు. రోజూ పొడి గీకే పెట్టె ఇంత తళతళా ఎలా మెరుస్తోందా అని."

"మా ఆడపిల్లలకు శుభ్రత జాస్తి అండీ!" బావగారు తనే నవ్వారు. కుర్రాళ్ళు కూడా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. చిట్టి మొహం వైపు చూసింది.

చిట్టి దగ్గు ఆపుకుంటోంది. పెదాలు బిగించింది, కళ్ళల్లో నీళ్ళు నిండాయి, మెడ నరాలు తేలాయి. చేతులేమో చేతొడుగుల్లో ఇరుక్కుని నోటికి అడ్డం పెట్టుకోవడానికి లేవు. చివరికి ఆగలేదు. ఒంగిపోయి, నుదురు గాజుకు తగిలేలా దగ్గింది.

మసమ్మ రెండంగల్లో ఆమెను పట్టుకుంది.

"చాలు! ఈ నాటకం చాలు," అంది, తనిఖీ ఆవిడ వైపు తిరిగి. "ఈ గదిలో ఏ పనీ జరగదండీ. పని జరిగే గది వెనకుంది. అక్కడ పెట్టెలు లేవు. ఉత్త పళ్ళాలున్నాయి, ఫ్యానుంది. ఈ పిల్ల రెండు నెలలు అక్కడే కూర్చుంది."

బావగారు తల పంకిస్తూ, ఎంతో జాలిగా అన్నారు. "మా తమ్ముడి భార్యండీ. తల్లికి ఆపరేషనై, ఆ దిగులుతో నిన్ననే వచ్చింది. మనసు స్థిమితంగా లేదు. తప్పుగా అనుకోకండి."

చిట్టి చేతొడుగుల్లోంచి చేతులు బయటికి లాగింది. ఒక్కో బొత్తామూ విప్పి కోటు తీసేసి బల్ల మీద పడేసింది.

"వదిన మనసు బాగానే ఉంది. చెప్పింది నిజమే. రండి, చూపిస్తాను."

"చిట్టీ! ఆ తలుపు దాటావంటే..."

"పెద్దన్నయ్యా, నీతో వాదించడానికి నాకు ఊపిరి లేదు," అంది చిట్టి. నడిచింది.

ఆమె వెనక తనిఖీ ఆవిడ, ఆ వెనక అందరూ కదిలారు. కొలిమి షెడ్డు దగ్గర మసమ్మ మొగుడు కూడా వచ్చి కలిశాడు. మాస్కు ఇంకా మెడలోనే ఉంది. గీకుడు గది ఖాళీగా ఉంటుందని మసమ్మ అనుకుంది. తలుపు తీసేసరికి అక్కడే నిలబడిపోయింది.

ఆడవాళ్ళంతా మళ్ళీ స్టూళ్ళ మీద ఉన్నారు. తడి బట్టలతోనే గీకుతున్నారు. ఫ్యాను తిరుగుతోంది. మూల నిలబడిన మేస్త్రి చేతులు కట్టుకుని వాళ్ళను చూస్తున్నాడు.

"మేం రామన్నామమ్మా," పెద్దక్క ఏడుపు గొంతుతో అంది. "సీట్లో లేనివాళ్ళు రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు మేస్త్రి."

తనిఖీ ఆవిడ సంచిలోంచి మాస్కు తీసి పెట్టుకుంది. అంటే ఆవిడ సిద్ధపడే వచ్చింది. "ముందు అది ఆపండి. వీళ్ళందర్నీ బయటికి పంపండి," అంది. మేస్త్రి పెద్దయ్యగారి వైపు చూశాడు. అతను చూస్తూ ఉండగానే మసమ్మ రెండోసారి ప్లగ్గు పీకింది.

అందరూ పెరట్లోకి వచ్చాక తనిఖీ ఆవిడ బావగారిని అడిగింది. "ఇదేంటి?"

బావగారు చేతిరుమాలుతో మొహం ఒత్తుకున్నారు. తొట్రుపడలేదు. గొంతు పెంచలేదు.

"నేను నూనె మనిషినండీ. గింజ ఆడించడం తెలుసు, నూనె అమ్మడం తెలుసు. ఈ శాస్త్రాలు నాకేం తెలుస్తాయి? పద్ధతి కనిపెట్టింది మా మరదలు. గది పెట్టింది ఆవిడ. ఆడవాళ్ళకు పని నేర్పింది ఆవిడ. ఎక్కడ ఏది ఉండాలో, ఏది తీసేయాలో అంతా ఆవిడ మాటే. ఇప్పుడు మీ ముందు కేకలేస్తోందంటే, మరి, నేనేం చెప్పను?"

మసమ్మకు ఒక్క క్షణం ఆ మాటలు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది, కోపంతో వచ్చే నవ్వు.

"నేను ఊళ్ళోనే లేను బావగారూ! ఎవరి మీద వేస్తున్నారు?"

"పెట్టెలు విప్పింది చిన్నయ్యగారే, మేం చూశాం," అంది పెద్దక్క.

తనిఖీ ఆవిడ మసమ్మ మొగుడి వైపు తిరిగింది. "మీరేనా? మిమ్మల్ని ఎవరు విప్పమన్నారు?"

ఆయన నూనె మరకలున్న చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. మసమ్మ ఆయన కళ్ళల్లోకే చూస్తోంది. మొదటి ఏడాదంతా ఉత్త మసి వస్తుంటే, ఊళ్ళో అందరూ నవ్వుతుంటే, కొలిమిని విప్పి మళ్ళీ కట్టి, విప్పి మళ్ళీ కట్టి, 'ఈసారి వస్తుంది చూడు' అన్న మనిషి. చెప్పు, అనుకుంది. ఇప్పుడైనా నోరు తెరిచి చెప్పు.

ఆయన నోరు తెరిచాడు.

"మా ఆవిడేనండీ," అన్నాడు. "ఊరెళ్ళేముందు చెప్పి వెళ్ళింది. పెట్టెల్లో పని సాగట్లేదు, తీసేయమని."

"చిన్నన్నయ్యా!" చిట్టి అరిచింది. ఆ అరుపు సగంలోనే దగ్గయిపోయింది. పెద్దక్క చేత్తో నోరు మూసుకుంది. బావగారు ఆకాశం వైపు చూస్తున్నారు.

పొద్దున్నుంచీ అరుస్తూనే ఉంది మసమ్మ. ఇప్పుడు చెయ్యి లేచింది. మొగుడి మెడలో వేలాడుతున్న మాస్కు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పట్టీ తెగింది. దాన్ని తీసుకెళ్ళి చిట్టి చేతిలో పెట్టింది. ఆయన అడ్డుకోలేదు. తల ఎత్తలేదు.

"ఈవిడతో నేను ఒంటరిగా మాట్లాడాలి," అంది తనిఖీ ఆవిడ. బావగారు ఏదో అనబోతే చెయ్యి చూపి ఆపింది.

మసమ్మను మోచెయ్యి పట్టుకుని పెరటి చివరికి, నూనె డ్రమ్ముల అవతలికి తీసుకెళ్ళింది. అక్కడ నిలబడి మాస్కు తీసేసింది. దగ్గర్నుంచి చూస్తే ఆవిడ కళ్ళు బాగా అలిసిపోయి ఉన్నాయి.

"మీరు నాకేమీ రుజువు చూపించనక్కర్లేదమ్మా," అంది గొంతు తగ్గించి. "మీ ఆయన అబద్ధం చెప్పాడని నాకు తెలుసు. పెట్టెలు తీసేశారని పోయిన నెలలో మాకు ఫోన్ చేసి చెప్పింది ఆయనే. అన్నయ్య ముందు మాత్రం నిజం చెప్పలేనన్నాడు. ఇక్కడికి మమ్మల్ని పిలిపించిందీ ఆయనే."